సిఫ్నోస్‌లో ఏడు రోజుల తీరిక: చిన్న గ్రీకు దీవిలో వేసవి సెలవు గడపడం ఎలా

గ్రీసు వెళ్ళొచ్చిన మనవాళ్ళని కదిపి చూడండి. ఏథెన్స్‌లో ఒకటిన్నర రోజు, మికొనోస్‌లో రెండు, సాంతొరీనీలో రెండు, మధ్యలో ఓడలు, పెట్టెలు, క్యూలు. ఇంటికొచ్చాక ఆఫీసుకి ఇంకో రెండు రోజులు సెలవు పెట్టి నిద్రపోతారు. డబ్బు పెట్టి కొనుక్కున్న అలసట అది.

నేను చెప్పబోయే సెలవు వేరు. ఒకే దీవి, ఒకే గది, ఏడు రాత్రులు. దీవి పేరు సిఫ్నోస్. ఏజియన్ సముద్రంలో సైక్లడీస్ దీవుల పడమటి వరుసలో, సెరిఫోస్‌కీ మీలోస్‌కీ నడుమ ఉంటుంది. విస్తీర్ణం సుమారు 74 చదరపు కిలోమీటర్లు, జనం రెండున్నర వేల పైచిలుకు. విమానాశ్రయం లేదు. ఆ లేకపోవడమే దీవిని కాపాడుతోంది: ఓడెక్కి రావాల్సిందే కాబట్టి, ఫోటో దిగి సాయంత్రానికి వెళ్ళిపోయే గుంపు ఇక్కడికి రాదు.

శాకాహారులకు ఇంకో మాట. ఈ దీవి పెద్ద వంటకం మేకా కాదు, చేపా కాదు. శనగలు. దాని సంగతి తర్వాత తీరిగ్గా చెబుతాను.

మొదటి అడుగు: నెల ఖాయం చేసుకోండి

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే, చాలామంది తప్పటడుగు వేసేదీ ఇక్కడే. మన వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలై జూన్ రెండో వారానికి అయిపోతాయి. అక్కడి వేసవి అప్పుడే కళ్ళు తెరుస్తూ ఉంటుంది. మే నెలలో కొండలు పచ్చగా, పువ్వులతో నడకకు అద్భుతంగా ఉంటాయి కానీ, సముద్రంలో కాలు పెడితే జివ్వుమంటుంది. పిల్లల బడి చూసుకోవాల్సినవాళ్ళకి మే చివరి వారం, జూన్ మొదటి వారం కుదిరే కాలం. ఎండ హాయిగా ఉంటుంది, జనం పలచగా ఉంటారు, నీళ్ళు మాత్రం కాస్త చల్లన.

బడి బాదరబందీ లేకపోతే సెప్టెంబర్‌కి మించింది లేదు. వేసవంతా కాగిన సముద్రం అప్పటికి దాదాపు 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆగస్టు రద్దీ తగ్గి ఉంటుంది, గదుల ధరలూ దిగుతాయి.

జూలై నడిమి నుంచి ఆగస్టు ఆఖరు దాకా రెండు చిక్కులు. ఒకటి మెల్తెమి. అది ఉత్తరం నుంచి వీచే పొడి గాలి, ఒక్కోసారి రోజుల తరబడి ఆగదు. వేడి తెలియనివ్వదు గానీ బల్ల మీది గ్లాసులు పడేస్తుంది, ఓడలు ఆపేస్తుంది. రెండోది గ్రీకులే. ఆగస్టు 15 వాళ్ళకి మేరీమాత పండగ. ఆ చుట్టుపక్కల వారాల్లో ఏథెన్స్ సగం దీవుల మీదే ఉంటుంది. మన సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు అనుకోండి. అప్పుడు గది దొరకడమే గగనం.

రెండో అడుగు: వీసా, విమానం

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి షెంగెన్ వీసా, అంటే ఐరోపాలో చాలా దేశాలకు కలిపి చెల్లే వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలన్నది నియమం, కానీ వేసవిలో అపాయింట్‌మెంట్లే దొరకవు, కాబట్టి మూడు నెలల ముందే కదలండి. పెద్దవాళ్ళకి రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. ఒకే ఊళ్ళో ఏడు రాత్రులు ఉండటంలో ఇక్కడో లాభం ఉంది: గది బుకింగ్ కాగితం ఒక్కటే, ప్రయాణ వివరం నాలుగు లైన్లు.

2025 అక్టోబర్ నుంచి షెంగెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి దశలవారీగా వచ్చింది. ఏథెన్స్‌లో దిగాక ఆ క్యూకి కొంత సమయం పోతుందని లెక్కలో వేసుకోండి.

హైదరాబాద్ నుంచి దోహా, దుబాయ్, అబుదాబీల మీదుగా ఏథెన్స్ చేరడం సులువు. విమానం దిగిన రోజే ఓడ పట్టుకోవాలని మాత్రం చూడకండి. విమానం ఒక గంట ఆలస్యమైతే వారం మొత్తం తలకిందులు. ఓడరేవు దగ్గరో ఏథెన్స్‌లోనో ఒక రాత్రి పడుకుని, మర్నాడు ఉదయం తాపీగా ఓడెక్కండి.

మూడో అడుగు: ఓడ

సిఫ్నోస్ ఓడలు పిరేయస్ రేవు నుంచి బయల్దేరుతాయి. ఏథెన్స్ దగ్గర రఫీనా అనే ఇంకో రేవు కూడా ఉంది. టికెట్ మీద పేరు చూసుకోకుండా అటు వెళ్ళి లబోదిబోమన్నవాళ్ళు ఉన్నారు. విమానాశ్రయం నుంచి పిరేయస్‌కి మెట్రో మూడో లైను నేరుగా వెళ్తుంది, గంట ప్రయాణం. 2022లో ఆ లైను రేవు దాకా పొడిగించారు. అర్ధరాత్రి దిగితే ఎక్స్96 బస్సు రాత్రంతా తిరుగుతుంది.

పిరేయస్ చిన్న రేవు కాదు. గేట్లకి ఇ1 నుంచి ఇ12 దాకా అంకెలుంటాయి, ఒక గేటు నుంచి ఇంకో గేటుకి పెట్టె లాక్కుంటూ నడిస్తే చెమటలు పడతాయి. మీ ఓడ ఏ గేటో ముందు రోజే చూసి పెట్టుకోండి. ముప్పావు గంట ముందే అక్కడుండండి. గ్రీకు ఓడలు రావడం ఆలస్యం కావచ్చు, వెళ్ళడం మాత్రం మన కోసం ఆగవు.

ఓడలు రెండు రకాలు. వేగంగా పోయేవి మూడు గంటలలోపు చేరుస్తాయి. పెద్ద మామూలు ఓడలకి అయిదు గంటలకి అటూ ఇటూ పడుతుంది, టికెట్ చౌక. నా ఓటు పెద్ద ఓడకే. వేగం ఓడలో విమానంలో లాగా సీట్లో కూర్చోబెడతారు, అద్దాల అవతల ఉప్పు నీటి తుంపర తప్ప ఏమీ కనపడదు, గాలి రేగితే కడుపులో తిప్పుతుంది. పెద్ద ఓడలో పైకి వెళ్ళి రెయిలింగ్ పక్కన బల్ల పట్టుకుని, చల్లటి కాఫీ పెట్టుకుని, కిత్నోస్, సెరిఫోస్ దీవులు ఒక్కొక్కటే దగ్గరికొచ్చి వెనక్కి పోతుంటే చూడొచ్చు. సెలవు సిఫ్నోస్‌లో కాదు, ఆ డెక్ మీదే మొదలవుతుంది.

దిగేటప్పుడు జాగ్రత్త. ఓడ దీవి దగ్గర కొద్ది నిమిషాలే ఆగుతుంది. పేరు పిలవగానే కింద వాహనాల అంతస్తుకి దిగి, మీ పెట్టె తీసుకుని సిద్ధంగా ఉండాలి. ఇనుప తలుపు నీటి మీదికి వంగుతూ తెరుచుకుంటుంది, ఎదురుగా కొండల మధ్య కమారెస్ రేవు.

నాలుగో అడుగు: ఏ ఊళ్ళో ఉండాలి

దీవి చిన్నదే అయినా ఊరూరికీ స్వభావం వేరు.

కమారెస్ రేవు ఊరు. పొడుగాటి ఇసుక తీరం, చాలా దూరం దాకా లోతు లేని నీళ్ళు, పడమటి సూర్యాస్తమయం. చిన్నపిల్లలున్నవాళ్ళకి, పెట్టెలు మోయలేనివాళ్ళకి ఇదే నయం. అయిదు కిలోమీటర్లు ఎగువన అపొల్లోనియా, దీవికి రాజధాని. సముద్రం ఉండదు గానీ బస్సులన్నీ ఇక్కడి నుంచే. సాయంత్రమైతే స్తెనో అనే ఇరుకు సందు నిండా జనం, వెలుగు, మాటలు. నిద్ర తేలిగ్గా పట్టనివాళ్ళు ఆ సందుకి దూరంగా గది తీసుకోవాలి.

దక్షిణాన ప్లాతిస్ యాలోస్‌లో తీరం వెంబడే హోటళ్ళు, తినుబండారాల చోట్లు. ఉత్తరపు గాలి నుంచి కొండలు చాటు ఇస్తాయి. వాథీ గుండ్రటి ఖాతం, నీళ్ళు చెరువులా ఉంటాయి, ఒడ్డునే తెల్లటి చిన్న చర్చి. 1990ల దాకా అక్కడికి రోడ్డే లేదు, ఆ నెమ్మది ఇంకా పోలేదు.

నన్నడిగితే ఫారోస్. మూడు చిన్న తీరాలున్న జాలరి పల్లె. నాలుగు తినే చోట్లు, ఒక చిన్న దుకాణం, సాయంత్రం గట్టు మీద వలలు బాగుచేసుకునే మనుషులు. చెయ్యడానికి ఏమీ ఉండదు. మనకి కావాల్సింది అదే కదా.

గది తీసుకునేటప్పుడు రెండే చూడండి: సముద్రం కనిపించే అరుగో, బాల్కనీయో ఉండాలి, చిన్న వంటగట్టు ఉండాలి. ఈత కొలను ఉందా అని చూడకండి, ఎదురుగా ఏజియన్ ఉంది. గది అద్దెతో పాటు వేసవిలో ప్రభుత్వపు రుసుము ఒకటి అక్కడ కట్టాలి. బస స్థాయిని బట్టి గదికి రాత్రికి 2 నుంచి 15 యూరోల దాకా ఉంటుంది, బుకింగ్ ధరలో చాలాసార్లు కలవదు.

అయిదో అడుగు: తిరగడం, ఎంత తక్కువైతే అంత మంచిది

కారు అక్కర్లేదు. బస్సులు అపొల్లోనియా మీదుగా కమారెస్, ప్లాతిస్ యాలోస్, ఫారోస్, కాస్త్రో, వాథీలను కలుపుతాయి. బస్సు వేళల కాగితాన్ని మొదటి రోజే ఫోటో తీసి పెట్టుకోండి. ఒక రోజు కారు తీసుకుని ఉత్తరపు కొస హెరొనిసోస్ దాకా వెళ్ళి రావచ్చు. దానికి మన లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఇంటి దగ్గరే తీసుకోవాలి. నాలుగు చక్రాల మోటారు సైకిళ్ళు కూడా అద్దెకిస్తారు. గ్రీకులు వాటిని ముద్దుగా ‘గురూనా’ అంటారు, ఆడపంది అని అర్థం. మలుపుల కొండ రోడ్డు మీద అలవాటు లేని చేతులతో అది ఎక్కితే ఆ పేరు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. ఎక్కకండి.

ఈ దీవిని తెలుసుకోవాలంటే నడవాలి. రాళ్ళు పరిచిన పాత గాడిద బాటలు వంద కిలోమీటర్లకు పైగా ఉన్నాయి, అంకెలతో గుర్తులు పెట్టి చక్కగా ఉంచారు. ఎండ ఎక్కకముందే బయల్దేరండి. వారంలో రెండు నడకలు చాలు.

మొదటిది ఫారోస్ నుంచి హ్రిసొపియీ. అరగంట కూడా పట్టదు. సముద్రంలోకి పొడుచుకొచ్చిన బండ మీద 1650లో కట్టిన తెల్లటి మఠం అది. బండకీ ఒడ్డుకీ మధ్య ఒక చీలిక, దాని మీద చిన్న వంతెన. సముద్రపు దొంగలు ఆడవాళ్ళను తరుముకొస్తే, వాళ్ళు మేరీమాతను వేడుకుంటే బండ చీలి దొంగల దారి తెగిపోయిందని కథ. మన దగ్గరా కొండలు విచ్చుకుని అమ్మవార్లను దాచుకున్న కథలున్నాయి కదా, వింటుంటే పరాయిగా అనిపించదు. చుట్టూ నున్నటి రాళ్ళ మీద తువ్వాలు పరుచుకుని పడుకుంటారు జనం. పక్కనే అపోకోఫ్తో తీరం.

రెండోది అపొల్లోనియా నుంచి కాస్త్రో, మూడు కిలోమీటర్లు, ఎక్కువ భాగం దిగుడు. కాస్త్రో పాత రాజధాని. ఇళ్ళనే ఒకదానికొకటి ఆనించి కోటగోడగా కట్టుకున్నారు, లోపల సందులు రెండు చేతులు చాపితే గోడలు తగిలేంత ఇరుకు. సందుల్లో రోమన్ల కాలపు రాతి శవపేటికలు అలాగే పడి ఉంటాయి. కింద సముద్రపు బండ మీద ఒంటరిగా ఏడుగురు అమరుల చర్చి. దీవి ఫోటోలన్నిటిలో కనపడేది అదే.

ఈ దీవి ఒకప్పుడు బంగారం, వెండి తవ్వి గ్రీసులోనే సంపన్న దీవుల్లో ఒకటిగా బతికింది. ఆ డబ్బుతోనే క్రీ.పూ. 525 ప్రాంతంలో అపొల్లో దేవుడి క్షేత్రమైన డెల్ఫీలో పాలరాతి కానుకల మందిరం కట్టించారు, దాని శిల్పాలు ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. ఏటా రాబడిలో పదో వంతు అపొల్లోకి పంపేవారట. ఆశపోతుతనంతో అది మానేస్తే సముద్రం పొంగి గనుల్ని ముంచేసిందని పాసానియస్ అనే పాత గ్రీకు యాత్రికుడు రాశాడు. ఈశాన్య తీరంలో అయ్యోస్ సోస్తిస్ దగ్గర గనుల ఆనవాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి.

ఆరో అడుగు: రోజు గడపడం

మనకి నిజంగా కష్టమయ్యేది ఇదే. మొదటి రెండు రోజులు చెయ్యి ఫోను కోసం, మనసు పని కోసం తడుముకుంటాయి. కంగారు పడకండి, మూడో రోజుకి సర్దుకుంటుంది. దీవికి తన కాలపట్టిక ఉంది, దాన్ని పట్టుకోండి చాలు.

పొద్దున ఎనిమిదింటికి నీళ్ళలోకి దిగండి. అప్పుడు గాలి ఉండదు, తీరమంతా మీ సొంతం. పదకొండు గంటలకి ఒక ఫ్రెద్దో, అంటే నురగ కట్టించిన చల్లటి ఎస్ప్రెస్సో. దాన్ని గంటసేపు తాగుతారు గ్రీకులు, ఎవరూ లేవమని చూడరు. తీరంలో గొడుగుల కింద కుర్చీలకి డబ్బు తీసుకుంటారు. దానికన్నా తీరం వెంట పెరిగే అర్మీరికి చెట్ల నీడ మేలు, ఉచితం.

రెండు గంటలకి భోజనం, తర్వాత కునుకు. వేసవిలో మధ్యాహ్నం మూడు నుంచి అయిదున్నర దాకా గ్రీసులో చట్టం ప్రకారమే నిశ్శబ్ద వేళ. ఊరు ఊరంతా తలుపులు వేసుకుంటుంది. మీరూ వేసుకోండి. ఆరింటికి మళ్ళీ నీళ్ళు. రాత్రి భోజనం తొమ్మిది తర్వాతే. ఏడింటికే వెళ్తే వంటవాడు ఇంకా కూరలు తరుగుతూ ఉంటాడు.

ఒకరోజు సాయంత్రం కుమ్మరి దగ్గరికి వెళ్ళండి. సిఫ్నోస్ మట్టికి, కుమ్మరులకి గ్రీసంతా పేరు. ఇక్కడి కుమ్మరులు ఒకప్పుడు సారె పట్టుకుని దేశమంతా తిరిగి కుండలు చేసేవారు. కమారెస్, ప్లాతిస్ యాలోస్, హెరొనిసోస్‌లలో ఇప్పటికీ పని నడుస్తోంది. ఇళ్ళ కప్పుల మీద మట్టి పొగగొట్టాలు చూస్తారు, ‘ఫ్లారోస్’ అంటారు వాటిని. ఏ రెండూ ఒకేలా ఉండవు.

ఏడో అడుగు: తిండి

ఇక శనగలు. రెవిథాదా అనేది ఈ దీవి ఆదివారపు భోజనం. తెల్ల శనగలు నానబెట్టి, ఉల్లిపాయ, ఆలివ్ నూనె, బిరియానీ ఆకు లాంటి దాఫ్ని ఆకు వేసి, స్కెపస్తారియా అనే మూత ఉన్న మట్టికుండలో పెట్టి, శనివారం సాయంత్రం కట్టెల పొయ్యిలో ఉంచుతారు. రాత్రంతా నెమ్మదిగా మగ్గుతుంది. ఆదివారం చర్చి నుంచి వస్తూ కుండ ఇంటికి తెచ్చుకుంటారు. దాలిలో పిడకల సెగ మీద కాగిన పాలు తాగి పెరిగినవాళ్ళకి ఆ రుచి రహస్యం వేరే చెప్పక్కర్లేదు. కారం లేదు, పోపు లేదు. మొదటి ముద్దకి చప్పగా అనిపించి, మూడో ముద్దకి శనగ తన రుచి తాను చెప్పుకోవడం మొదలెడుతుంది. పైన నిమ్మకాయ పిండుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం త్వరగా వెళ్ళండి, కుండ ఖాళీ అయితే మళ్ళీ వారానికే.

అవే శనగలు రుబ్బి, ఉల్లిపాయా ఆకుకూరా కలిపి వేయించేవి రెవిథోకెఫ్తేదెస్. మన మసాలా వడకి దూరపు చుట్టం. ఇవి రోజూ దొరుకుతాయి. ఇంకా కేపర్ మొగ్గల సలాడ్, ద్రాక్ష మడ్డిలో ఊరబెట్టిన మనూరా జున్ను, ముద్దపప్పు లాంటి ఫావా, తేనె జున్ను కలిపి కాల్చే మెలోపిత. మాంసం తినేవాళ్ళు మస్తేలో అడగాలి, ద్రాక్ష పుల్లల మీద వైన్, సోయకూర వేసి కుండలో వండిన మేకపిల్ల లేదా గొర్రెపిల్ల మాంసం.

శాకాహారులు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ‘లదెరా’. నూనెలో వండిన కూరలు అని అర్థం: బెండకాయ, వంకాయ, చిక్కుడు, అన్నీ మనవే. ‘నిస్తీసిమో’ అంటే ఉపవాసపు తిండి. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కానీ ఒక మెలిక ఉంది. రక్తం లేదన్న లెక్కన రొయ్యలు, ఆక్టోపస్, స్క్విడ్‌లను ఉపవాసంలో తింటారు. నిస్తీసిమో అన్నారని నమ్మి తింటే పళ్ళెంలో కాళ్ళు కనపడొచ్చు. ‘హోరిస్ క్రేయాస్, హోరిస్ ప్సారి, హోరిస్ థలాసినా’ అని మూడూ చెప్పండి: మాంసం, చేప, సముద్రపు జీవులు వద్దని. టమాటాల్లో అన్నం కూరే యెమిస్తాలో కొన్నిచోట్ల కీమా కలుపుతారు, అదీ అడగండి. ఆవకాయ ఒక చిన్న సీసా తెచ్చుకుంటే తప్పులేదు. రెవిథాదా మీద మాత్రం ఆదివారం ఒక్కసారికి వెయ్యకండి.

అదృష్టం కలిసొస్తే పనియీరి దొరుకుతుంది, అంటే ఊరి జాతర. దేవుడి పటాన్ని ఏడాదిపాటు ఒక కుటుంబం ఇంట్లో పెట్టుకుంటుంది, పండగ రోజు వచ్చినవాళ్ళందరికీ భోజనం పెడుతుంది. చర్చి పక్క గదిలో పొడుగాటి బల్లల మీద శనగలు, మాంసం, వైన్. ఎవరని అడగరు. మన అన్నదానం పంక్తిలో కూర్చున్నట్టే. అలాంటి జాతరకే జూలై 19 సాయంత్రం దీవిలో అన్నిటికన్నా ఎత్తైన, 680 మీటర్ల ఏలియా ప్రవక్త కొండ మీది మఠానికి ఎక్కుతారు. చర్చిలోకి వెళ్ళేటప్పుడు భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి.

చిన్న చిన్న సంగతులు

మరుగుదొడ్డిలో కాగితం కమోడ్‌లో వెయ్యకూడదు, పక్కన బుట్టలో వెయ్యాలి. అక్కడి గొట్టాలు సన్నం. తాగడానికి సీసా నీళ్ళే. నీరు కొరత కాబట్టి స్నానం త్వరగా ముగించండి. ‘నే’ అంటే అవును. తల, కనుబొమ్మలు పైకెత్తి ‘త్స్’ అంటే కాదు. అంగట్లో అడుగుపెట్టగానే ‘యా సాస్’ అనండి, ముఖాలు విచ్చుకుంటాయి. కార్డులు చెల్లుతాయి గానీ బస్సుకి, చిన్న కొట్లకి చిల్లర ఉంచుకోండి. ఏ ఆపదకైనా 112.

ఆఖరి అడుగు: తిరుగు ప్రయాణం

విమానం ఉన్న రోజు పొద్దున దీవి నుంచి బయల్దేరొద్దు. గాలి ఎక్కువైతే తీర రక్షక దళం ఓడల్ని ఆపేస్తుంది, ఒక్కోసారి ఒకటిన్నర రోజు దాకా. ఒక రోజు ముందే ఏథెన్స్ చేరండి. మేం ఓసారి ఈ మాట పెడచెవిన పెట్టాం. రేవులో పెట్టెల మీద కూర్చుని, ఆగిపోయిన ఓడ కోసం చూస్తూ, కొత్త విమానం టికెట్ ధర తలుచుకుంటూ గడిపిన మధ్యాహ్నం ఇంకా గుర్తుంది.

వచ్చేటప్పుడు కొనాల్సింది ఒక్కటే: చిన్న స్కెపస్తారియా. బట్టల్లో చుట్టి, చేతి సంచీలోనే తెచ్చుకోండి, పెట్టెలో పెడితే ముక్కలొస్తాయి. ఇంటికొచ్చాక శుక్రవారం రాత్రి కాబూలీ శనగలు నానబెట్టండి. శనివారం వాటిని కుండలో సగానికి పోసి, రెండు పెద్ద ఉల్లిపాయలు చీల్చి, అర కప్పు ఆలివ్ నూనె, ఒక ఆకు, ఉప్పు వేసి, శనగలు మునిగి పైన రెండు వేళ్ళ ఎత్తు వచ్చేలా నీళ్ళు పొయ్యండి. చల్లటి ఓవెన్‌లోనే కుండ పెట్టి, తర్వాత వేడి 150 డిగ్రీలకి తెండి. అలా చేస్తే మట్టి పగలదు. అయిదు గంటలు మూత తియ్యకండి.